రెండో గదిలో సాక్షి

మా బావ చనిపోయిన పద్నాలుగు నెలలకు, ఆయన గొంతు మైకులో స్పష్టంగా వినిపిస్తుందో లేదో సరిచూడాలంటూ మా అక్కకు ఫోన్ వచ్చింది.

చేసినవాడు మర్యాదస్తుడే. విచారణలకు వీడియో ఏర్పాట్లు చేసే సంస్థలో పనివాడు. "అమ్మా, సార్ ఉన్నారా? వచ్చే మంగళవారం వారి సాక్ష్యం కదా, కెమెరా, మైకు ఒకసారి చూసుకుందామని" అన్నాడు. "ఆయన చనిపోయారు బాబూ" అంది అక్క. అతను నొచ్చుకున్నాడు, రాసుకుంటానన్నాడు. మర్నాడు మళ్లీ చేసి, సార్‌కి ఉదయం వీలవుతుందా సాయంత్రం వీలవుతుందా అని అడిగాడు.

అక్క నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, దయ్యాల్లేవని ఊళ్లన్నీ తిరిగి ఉపన్యాసాలిచ్చావు కదా. వచ్చి దీని సంగతేమిటో తేల్చు."

ఉపన్యాసాలిచ్చిన మాట నిజం. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ నీటి పరీక్షల ప్రయోగశాలను నడిపి పదవీ విరమణ చేసిన మనిషిని. తలుపు దానంతటదే మూసుకుంటే ముందు కీలు చూస్తాను, తరవాత కిటికీ చూస్తాను. రెండూ బాగుంటే ఇంకా తెలియదంటానే గాని, తెలియనిదానికి పేరు పెట్టను. ఇక్కడ కారణం వెతకడానికి పెద్దగా కష్టపడనక్కరలేదు. కారణం దొరికాక మాత్రం నేను ప్రశాంతంగా నిద్రపోలేదు.

మా బావ నా ప్రయోగశాలలోనే నమూనాలు తెచ్చే ఉద్యోగి. బావుల దగ్గరికి, బోర్ల దగ్గరికి వెళ్లి, సీసాల్లో నీళ్లు పట్టి, సీలు వేసి తేవడం ఆయన పని. ఇంట్లో నాకంటే పెద్ద, ఆఫీసులో నా కింద. ఆ తిరకాసును ఆయన బాగా వాడుకునేవాడు. సెలవు చీటీ నా బల్ల మీద పెట్టి, "సారూ, మీ అక్కగారికి ఒంట్లో బాగా లేదుట. మంజూరు చెయ్యకపోతే రాత్రి భోజనాల దగ్గర మాట్లాడుకుందాం" అనేవాడు. పని దగ్గర మాత్రం హాస్యం లేదు. సీసా మూత సగం తిరిగి ఉంటే నలభై మైళ్లు వెనక్కి వెళ్లి మళ్లీ పట్టుకొచ్చిన రోజులున్నాయి.

ఆయన ఆఖరి పెద్ద పని ఒక ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న బావుల్లో జరిగింది. లోహపు సామాన్లకు క్రోమియం పూత పూసే ఫ్యాక్టరీ అది. చుట్టుపక్కల నీళ్లలో పసుపు చాయ వచ్చింది. శుద్ధి యంత్రం పెట్టమని ప్రభుత్వం గడువిచ్చింది. జూన్ ఐదున పెట్టామని కంపెనీ రాసింది. జూన్ ఎనిమిదో తేదీ నమూనాలో విషం ఏమాత్రం తగ్గలేదు. ఆ నెలాఖరుకు ఫ్యాక్టరీకి తాళం పడింది.

కంపెనీ మా కోర్టులకు రాలేదు. పరాయి దేశపు పెట్టుబడులను కాపాడతామని మన ప్రభుత్వం సంతకం చేసిన ఒప్పందం ఒకటుంది. దాని కింద అంతర్జాతీయ మధ్యవర్తుల ముందు కేసు వేసింది. ఆ కంపెనీ వాటాలన్నీ మరో దేశంలోని మరో కంపెనీ చేతిలో ఉన్నాయి. అదేమో ఇంకో ఒప్పందం పట్టుకుని, ఇంకో ముగ్గురు మధ్యవర్తుల ముందు ఇంకో కేసు వేసింది. తాళం ఒక్కటే, బావులు అవే, నష్టమూ అదే. ఒకే పన్ను నొప్పికి నోరు ఒక డాక్టరు దగ్గరికి, మనిషి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లినట్టుంది వ్యవహారం. అందులో తప్పు లేదని, చట్టం దృష్టిలో వాళ్లు ఇద్దరని చెప్పారు. ప్రయోగశాలలో ఒకే నీటిని రెండుసార్లు పరీక్షించడం నాకూ అలవాటే కనుక నేను నవ్వి ఊరుకున్నాను.

మొదటి కేసు విచారణ అప్పటికి ఏడాది క్రితం ముగిసింది. ఆ గదిలో మా బావ మరణ ధ్రువపత్రం దాఖలైంది. మధ్యవర్తుల అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు, అందరం ఒక నిమిషం నిలబడ్డాం. అవతలి పక్షం లాయరమ్మ, నెరిసిన జుట్టావిడ, తల వంచుకుని చేతులు కట్టుకుని నిలబడింది. ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది కూడా. అయితే ఆ గదిలో జరిగిన ప్రతి మాటా గోప్యం. రెండో కేసులో దాన్ని ఎవరూ ఎత్తకూడదు.

అక్క ఫోన్ చేసిన మర్నాడు ప్రభుత్వం తరఫు లాయర్ల ఆఫీసుకు వెళ్లాను. మొదటి కేసు చూసినవాళ్లు వేరు, ఈ కేసు చూస్తున్నవాళ్లు వేరు. చిన్న లాయరమ్మ వరసగా పేర్చిన ఫైళ్ల వెనక నుంచి తల పైకెత్తింది.

"అమ్మాయ్, మా బావ చనిపోయిన సంగతి మీకు తెలియదా?"

"నాకు తెలుసు సార్. ఈ ఫైలుకు తెలియదు."

ఆ పిల్ల హాస్యమాడడం లేదు. మధ్యవర్తుల కార్యాలయం తయారు చేసిన సాక్షుల పట్టికలో ఆయన నాలుగో నంబరు. వాంగ్మూలం ఇచ్చేటప్పటికే జబ్బుగా ఉన్నారు కనుక వీడియో ద్వారా అని రాసి ఉంది. అవతలి పక్షం ఆయన్ని ప్రశ్నించాలని అడిగింది. పట్టిక మారేదాకా ఫోన్ చేసే కుర్రాడి దృష్టిలో ఆయన మంగళవారం పదింటికి మాట్లాడవలసిన మనిషి.

"ధ్రువపత్రం అందరికీ దొరికే కాగితమే కదా. తెచ్చి ఇస్తాను, పెట్టేయండి."

"పెట్టొచ్చు సార్" అంటూ ఆమె ఒక కాగితం నా ముందుకు జరిపింది. "దీంతో పాటు పెట్టాలి."

అది మా బావ వాంగ్మూలం. మూడు పేజీలు. జూన్ ఎనిమిది ఉదయం ఆరున్నరకు ఏడో నంబరు బావిలో తానే నీళ్లు పట్టానని, సాయంత్రం తానే ప్రయోగశాలలో అప్పగించానని. చివర ఆయన సంతకం. కింద తేదీ, మార్చి పందొమ్మిది.

ఆయన చనిపోయింది మార్చి మూడున.

కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాను. సంతకం ఆయనదే. ఆ వంపు, ఆ చివరి గీత ఇరవై వేల సార్లు చూసి ఉంటాను. పోయిన పదహారు రోజులకు మనిషి పెట్టిన సంతకం నా చేతిలో ఉంది. మెడ వెనక ఎవరో ఊదినట్టయింది. పైన ఏసీ ఉందని తెలుసు. అయినా వెనక్కి తిరిగి చూశాను.

"మొదటి కేసు కాపీ మా ఆఫీసులోనే సంతకం చేశారు, మా గుమస్తా ఎదురుగా. దానికి ఇబ్బంది లేదు. ఇది ఇంటికి పంపిన కాపీ. ఈ తేదీ ఎవరు వేశారో మాకు అంతుపట్టడం లేదు సార్. మీకేమైనా..."

అప్పుడు అంకెల వైపు చూశాను. ఒకటికి పైన చిన్న టోపీ, తొమ్మిదికి పొడుగు తోక. ఆ అంకెలు నావి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నమూనాల ఉద్యోగి ఇంట్లో కూర్చుని, కుళాయి నీళ్లు పట్టి, వెనకటి తేదీలు వేసుకుని సంతకాలు చేసేవాడు. వాణ్ని పట్టుకున్నాక నేనొక నియమం పెట్టాను. తెచ్చినవాడు సంతకం మాత్రమే చెయ్యాలి, అందుకున్నవాడే తేదీ వెయ్యాలి. ఎవరి సంతకానికీ వాళ్లే తేదీ వేసుకోరాదు. దాన్ని గురించి ఒక సదస్సులో గర్వంగా మాట్లాడాను కూడా. మా బావ ముప్పై ఏళ్లు అలాగే బతికాడు. ఇంట్లో కరెంటు ఆఫీసుకు అర్జీ రాసినా సంతకం చేసి, తేదీ దగ్గర ఖాళీ వదిలి అవతలికి నెట్టేవాడు. వాంగ్మూలానికీ అదే చేశాడు. ఆయన పోయాక బల్ల సర్దుతూ అక్క ఆ కవరు తీసి నాకిచ్చింది. నేను తెరిచాను. మా బావ సంతకం, పక్కన ఖాళీ. చెయ్యి దానంతటదే కలం తీసి ఆ రోజు తేదీ వేసింది. కవరు అంటించి పోస్టులో వేశాను. ఆ రోజుల్లో నా బుర్ర నా దగ్గర లేదు.

దయ్యాన్ని తయారు చేసినవాణ్ని నేనే. అది తెలిసినా, ఆ కాగితం వైపు మళ్లీ చూడలేకపోయాను.

పెద్ద లాయరు వచ్చి అంతా విని, చేతులు వెనక్కి పెట్టుకుని గది ఆ చివరి దాకా నడిచి వచ్చాడు.

"ఇదిగో సార్, విషయం ఇదీ. మీ నియమం మీరిప్పుడు చెబితే ఒక్క వాంగ్మూలంతో పోదు. మీ రిజిస్టరులో జూన్ ఎనిమిది అని ఎవరు రాశారు?"

"నేనే. అందుకున్న తేదీ."

"పట్టిన తేదీ కాదు."

"ఆ రోజే పట్టి ఆ రోజే తెచ్చాడు."

"ఆ మాట చెప్పాల్సినవాడు లేడు. రిజిస్టరు ఊరికే చూస్తే జూన్ ఎనిమిదికే పట్టినట్టుంటుంది. దాన్ని వాళ్లు ఇంతవరకూ ప్రశ్నించలేదు. మన సాక్షి రాలేకపోయాడంటాం. వాంగ్మూలం కొట్టేస్తారు, కొట్టేయనివ్వండి. రిజిస్టరు మిగులుతుంది. జూన్ ఐదుకు ముందు పట్టిన నీళ్లేమో అన్న అనుమానం పుట్టిందా, ఫ్యాక్టరీ మూయడమే అన్యాయమైపోతుంది. మిమ్మల్ని ఆయన గురించి ఎవరూ అడగరు. అడగనిది చెప్పకండి."

నేల కింది నీళ్లు ఐదు రోజుల్లో మారవని, జూన్ మూడైనా ఎనిమిదైనా ఆ బావి ఆ బావేనని చెప్పబోయాను. ఆయన చెయ్యి ఎత్తాడు. "అది సైన్సు సార్. అక్కడ అడిగేది తేదీ."

సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాను. అంతా చెప్పాను. అక్క కుక్కర్ మూత చేత్తో పట్టుకునే నిలబడి వింది.

"రాలేకపోయాడంటే ఏమనుకుంటారు వాళ్లు?"

"భయపడి రాలేదనుకుంటారు."

"ఎవరు? ఆయనా?" మూత గట్టు మీద పెట్టింది. "నాకు మీ కేసులు తెలీవురా. ఎవరు గెలిస్తే నాకేం. కానీ ఆయన్ని దొంగ అని మాత్రం అనిపించకు. ముప్పై ఏళ్లు ఆ సీసాలు మోసి మోసి భుజం వంగిపోయింది ఆ మనిషికి."

"చెబితే బావుల సంగతి చెడుతుంది అక్కా."

"చెప్పకపోతే?"

నేను గట్టు మీది మూత తీసి కుక్కర్ మీద పెట్టాను. "నీకింత చదువెందుకురా" అంది అక్క, కోపం లేకుండా.

మంగళవారం ఉదయం విచారణ. ఏడో అంతస్తు. ఏడాది క్రితం నిలబడ్డ గది నడవాకు ఎడమ వైపు. ఈ గది కుడి వైపు. అదే రంగు తివాచీ, నేలకు టేపుతో అంటించిన అవే తీగలు. ఎడమ గదిలో ఆయన చనిపోయాడు. కుడి గదిలో ఆయన పేరుతో మడత అట్ట ఒకటి బల్ల మీద నిలబెట్టి ఉంది.

నేను ప్రభుత్వం తరఫున నీటి పరీక్షల నిపుణుణ్ని కనుక లోపల కూర్చోవచ్చు. నా సాక్ష్యం ఆయన తరవాత. పెద్ద లాయరు లేచి సాక్షి హాజరు కాలేకపోతున్నాడని ముక్తసరిగా చెప్పాడు. నెరిసిన జుట్టు లాయరమ్మ లేచింది. వీడియో గది ఏర్పాటై ఉంది గనక తెరిచి చూడాలని, సాక్షికి అవకాశమిచ్చినట్టు నమోదు కావాలని అడిగింది. అధ్యక్షుడు తలూపాడు.

గోడ మీది పెద్ద తెర వెలిగింది.

అది మా ప్రయోగశాల సమావేశపు గది. ఆ బీరువాలు నేను కొన్నవి. నడుమ ఒక కుర్చీ, దాని ముందు మైకు, మూత పెట్టిన మంచినీళ్ల గ్లాసు. ఎవరో చాలా శ్రద్ధగా అమర్చారు.

"సాక్షి ఉన్నారా?" అన్నాడు అధ్యక్షుడు.

స్పీకర్లలోంచి ఆ గది చప్పుడు వచ్చింది. ఫ్యాను తిరిగే చప్పుడు, దూరంగా ఒక కుళాయి కారుతున్న చప్పుడు. మాటలు వినపడగానే అక్షరాలుగా మార్చే అమ్మాయి వేళ్లు కదిలాయి. మా ముందున్న చిన్న తెర మీద వరస పడింది. సాక్షి, జవాబు వినిపించలేదు.

"నేను మాట్లాడేది వినిపిస్తోందా?"

సాక్షి, జవాబు వినిపించలేదు.

పది నిమిషాలు వేచి చూద్దామన్నాడు అధ్యక్షుడు. ఆ పది నిమిషాలు నేను జీవితంలో మరిచిపోను. గదిలో పద్దెనిమిది మందిమి ఉన్నాం. ఆ ముగ్గురు మధ్యవర్తులు, టైపు చేసే అమ్మాయి తప్పితే తక్కిన అందరికీ ఆ కుర్చీలోకి ఎవరూ రారని తెలుసు. అందరం తెర వైపే చూస్తున్నాం. కొందరు గడియారం చూసుకున్నారు, నిజంగా ఎవరో ఆలస్యం చేస్తున్నట్టు. అప్పుడు కుర్చీ కదిలింది. చక్రాల కుర్చీ అది. చాలా నెమ్మదిగా, పావు వంతు, మా వైపు తిరిగి ఆగింది.

ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. నాకు కారణం తెలుసు. ఆ గది ఒకప్పుడు సీసాలు కడిగే గది. నీళ్లు పోవడానికి నేల ఒక వైపు వాలు. పైన ఫ్యాను, వదులైన ఇరుసు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన వెన్నులో చలి ఆగదని కూడా ఆ పూట తెలిసింది. బావ నా వైపు తిరిగి, కాగితం అవతలికి నెట్టి, తేదీ కోసం ఎదురు చూస్తున్నట్టే ఉంది.

పది నిమిషాలూ అయ్యాయి. లాయరమ్మ లేచింది. "సాక్షి ప్రశ్నలను తప్పించుకుని ముఖం చాటేశాడని నమోదు చేయమని కోరుతున్నాను."

తల వంచుకుని చేతులు కట్టుకుని నిలబడ్డ ఆవిడే. ఏడాది క్రితం ఆ మనిషి కోసం మౌనం పాటించిన పెదవులే. దయ్యమంటే ఏమిటో ఎవరైనా చూపించమంటే ఇప్పుడు ఆ క్షణాన్ని చూపిస్తాను.

నేను లేచి నిలబడ్డాను.

"సార్, కూర్చోండి" అని పళ్ల బిగువున అన్నాడు పెద్ద లాయరు.

"అధ్యక్షా, ఆయన చనిపోయారు. నిరుడు మార్చి మూడున. ఆస్పత్రిలో నేను పక్కనే ఉన్నాను. ఆయన మా అక్క భర్త."

అధ్యక్షుడు వాంగ్మూలం ఆఖరి పేజీ తీశాడు. పేజీ తిరగేసిన చప్పుడు వినిపించింది. "ఇక్కడ మార్చి పందొమ్మిది అని ఉంది."

"ఆ తేదీ నేను వేశాను."

నా చేత ప్రమాణం చేయించారు. నియమం గురించి, కవరు గురించి చెప్పాను. అబద్ధపు తేదీలు రాకూడదని పెట్టిన నియమం అది అన్నప్పుడు మధ్యవర్తుల్లో ఒకాయన నా వైపు జాలిగా చూశాడు. లాయరమ్మ గొంతు మెత్తగానే ఉంది.

"మీ ప్రయోగశాలలో తేదీలన్నీ అందుకున్నవారే వేస్తారా?"

"అవును."

"జూన్ ఎనిమిది కూడా?"

పెద్ద లాయరు కలం మూత పెట్టేశాడు. నాకు కనిపించింది.

"అవును. అది నేను అందుకున్న తేదీ."

"నీళ్లు ఏ రోజు పట్టారో మీకు స్వయంగా తెలుసా?"

ముప్పై నాలుగేళ్లలో తెలియనిదాన్ని తెలుసునని ఎన్నడూ రాయలేదు. "తెలియదు. ఆయనకు తెలుసు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు."

"ధన్యవాదాలు. ఇంకేమీ లేదు."

మధ్యాహ్నం నడవాలో చిన్న లాయరమ్మ టీ కప్పు నా చేతిలో పెట్టింది. "పెద్దసారు చాలా కోపంగా ఉన్నారు."

"ఉండాలి కూడా."

"నేనైతే లేవగలిగేదాన్ని కాదు సార్" అని వెళ్లిపోయింది.

రెండు తీర్పులూ ఆరు వారాల తేడాతో వచ్చాయి. మొదటిదాంట్లో మా బావ వాంగ్మూలాన్ని నమ్మారు. బావులు విషమయ్యాయి, తాళం వేయడం న్యాయం. రెండోదాంట్లో నమూనా తేదీ రుజువు కాలేదు. తాళం వేయడం అన్యాయం, ప్రభుత్వం పరిహారం ఇవ్వాలి. ఒకే సీసా నీళ్లు ఎడమ గదిలో విషం, కుడి గదిలో కాదు. రెండు పరీక్షలు రెండు ఫలితాలిస్తే మూడోసారి చేస్తాం మేము. వాళ్లకు మూడో గది లేదట.

తీర్పులు కూడా గోప్యమే. సాక్షిని గనక నాకు సంబంధించిన పేరా ఒకటి పంపారు. దాన్ని పట్టుకుని అక్క దగ్గరికి వెళ్లాను. అక్క బట్టలు మడత పెట్టడం ఆపి మంచం మీద కూర్చుంది.

"'దివంగత సాక్షి నిజాయితీని శంకించడానికి ఈ మండలికి ఏ ఆధారమూ కనిపించలేదు'" అని చదివి ఆగాను.

అక్క కళ్లు మూసుకుంది. ఆ మొహంలో అంత విశ్రాంతి నేను ఏడాదిగా చూడలేదు.

"అంతేనా?"

"అంతే."

"ఒరేయ్. నీ మొహం చూస్తే అంతే అనిపించడం లేదు. మిగతాది చదువు."

చదివాను. అయినా ఆయనను ప్రశ్నించే అవకాశం లేనందున, తేదీని ఇతర ఆధారాలు నిర్ధారించనందున, బావుల కాలుష్యానికి కంపెనీ బాధ్యత రుజువు కాలేదని మండలి భావిస్తోంది. ఫ్యాక్టరీ తెరుచుకోవడానికి అడ్డంకి లేదు.

అక్క ఒక చీర మడత పెట్టింది. ఇంకొకటి తీసుకుంది.

"ఆ బావి దగ్గరివాళ్లకు ఈ సంగతి ఎవరు చెబుతారు?"

"ఎవరూ చెప్పరు. చెప్పకూడదు. ఇది బయటి కాగితం కాదు."

"వాళ్లిప్పుడు ఆ నీళ్లు తాగొచ్చనుకుంటారా?"

"తాళం తీస్తే అనుకుంటారు."

"తాగొచ్చా?"

"తాగకూడదు."

ఆ గదిలో ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది. రెండు గదుల్లో, ఆరుగురు మధ్యవర్తుల్లో ఒక్కరు కూడా అడగలేదు. జవాబు చెప్పడానికి ఒక్క క్షణం పట్టింది.

అక్క నా వైపు చూడకుండా, "ఎంత దూరం అది?" అంది.

"బస్సులో మూడు గంటలు."

"నేనూ వస్తాను. నువ్వు రసాయనం పేరుతో మొదలుపెడితే వాళ్లకేం అర్థమవుతుంది."

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను. బయటికి తీయకూడని కాగితం జేబులో ఉన్న మనిషిగా నడవడం నాకు కొత్త. వీధి చివరి దాకా ఎవరో మా వెనకే వస్తున్నట్టుంది. తిరిగి చూడలేదు. చూస్తే ఎవరూ ఉండరని నాకు తెలుసు.